గుల్లల్లో వానాకాలం

నిరంజన్ ఆ సోమవారం ఉదయం పేరిందేవి మేడమ్ గదికి వెళ్లింది సలహా కోసం కాదు, సంతకం కోసం.

ఏడాదిన్నర పని పూర్తయింది. చేతిలో పద్దెనిమిది పేజీల నివేదిక ఉంది. గురువారం గుల్లలంకలో సమావేశం. చివరి పేజీలో మేడమ్ సంతకం పడితే ఇక అన్నీ అయిపోయినట్టే. కాకపోతే ఆవిడ చదవకుండా సంతకం పెట్టదు. చదివేటప్పుడు తొందరపడదు. అతని దిగులు అదొక్కటే.

గుల్లలంక గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట, మొగ దగ్గర ఉన్న చేపలవాళ్ల ఊరు. ఏటా సముద్రం ఆ ఊరిని కాస్త కాస్తగా కోసుకుపోతోంది. డెబ్బై ఇళ్లవాళ్లని ఇంకోచోటికి మార్చాలి. ఏటి ఒడ్డునే పల్లంగా ఒక బీడు ఉంది. అక్కడైతే పడవలకు దగ్గర, ఏటి అడుగున రెండు చిప్పల గుల్లలు ఏరుకునే ఆడవాళ్లకు ఇంకా దగ్గర. ఊరంతటికీ అదే ఇష్టం. ఇంజనీరు గారికీ అదే అనుకూలం.

కాని ఆ బీడు ఎప్పుడైనా మునిగిందా? వందేళ్ల కాగితాలు తిరగేస్తే మునగలేదనే ఉంది. అంతకు ముందు సంగతి కాగితాల్లో లేదు. అందుకే ఇంజనీరు గారు పేరిందేవి దగ్గరకు వచ్చారు. ఆవిడ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెబుతుంది. మనుషులు రాసిపెట్టని వానల్ని రాళ్లలోంచి, బురదలోంచి, చిప్పల్లోంచి చదవడం ఆవిడ ముప్పై ఏళ్ల పని. ఆ పనిని ఆవిడ నిరంజన్ చేతిలో పెట్టింది.

బీడు పక్కనే ఒక గుల్లదిబ్బ ఉంది. ఎప్పటి మనుషులో తిని పారేసిన గుల్లల చిప్పలు పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన దిబ్బ. పై పొర మూడొందల ఏళ్లది. అడుగు పొర మూడు వేల ఏళ్లది.

గుల్ల తన చిప్పను తానున్న నీటితోనే కట్టుకుంటుంది. నీటిలోని ఆక్సిజన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలు. వాన నీటిలో తేలికదాని పాలు ఎక్కువ, సముద్రపు నీటిలో బరువుదాని పాలు ఎక్కువ. ఎండాకాలం ఏటి మొగలోకి సముద్రం చొరబడుతుంది. వానాకాలం నది దాన్ని వెనక్కి నెడుతుంది. కాబట్టి చిప్ప మీద ఒక చివర నుంచి ఇంకో చివరికి వెంట్రుకవాసి దూరాల్లో సూదితో పొడి గీకి, ఆ పొడిలో ఏ రకం ఎంతుందో తూస్తే, ఆ గుల్ల బతికిన రెండు మూడేళ్ల వానాకాలాలు కాగితం మీద గీసిన గీతలో ఎగుడుదిగుళ్లుగా కనబడతాయి.

నిరంజన్ నలభై ఒక్క గుల్లల్ని అలా చదివాడు. అతని చెయ్యి స్థిరమైంది. అతను గీకిన పొడి తూకం ఎప్పుడూ తప్పలేదు. ఆ శాఖలో అంత శుభ్రంగా పనిచేసేవాడు మరొకడు లేడని అందరూ అనేవారు. అతనూ అలాగే అనుకునేవాడు.

అతను జగిత్యాల వైపువాడు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా సముద్రం చూడలేదు. దిబ్బ తవ్వుతున్న రోజుల్లో కామాడి వరాలమ్మ అనే ఆవిడ నడుంలోతు నీళ్లలో నిలబడి కాళ్లతో తడుముతూ గుల్లలు ఏరుతుండేది. ఒకసారి బుట్ట ఒడ్డున దించి నవ్వింది.

"సచ్చిన గుల్లల్తో ఏం పని బాబూ? బతికున్నయ్యి ఇత్తాను, కూరొండుకో."

"నాకు పాతవే కావాలమ్మా," అని అతను మళ్లీ గునపం అందుకున్నాడు.

మేడమ్ నివేదిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఫ్యాను తిరుగుతోంది. నిరంజన్ నిలబడే ఉన్నాడు.

"కూర్చో," అందావిడ తల ఎత్తకుండా.

నలభై ఒక్క గుల్లల గీతలూ ఒకదాని కింద ఒకటి అచ్చయిన పేజీ దగ్గర ఆగింది. సొరుగులోంచి ఒక స్కేలు తీసి ఒక్కొక్క గీత అడుగున ఆనించి చూసింది. ఏ గీతా ఆ మట్టం కంటే కిందికి దిగలేదు. ఏ వానాకాలంలోనూ అక్కడి నీరు సగానికి మించి తియ్యగా మారలేదు.

"చాలా చక్కగా ఉంది," అంది.

నిరంజన్ మొహం వెలిగింది. "అదే మేడమ్. మూడు వేల ఏళ్లలో ఎన్నో పొరల నుంచి తీసినా, వానలన్నీ మెత్తటి వానలే. నది ఒక్కసారి కూడా సముద్రాన్ని పూర్తిగా నెట్టెయ్యలేదు. అంటే పెద్ద వరద లేదు. బీడు మీద నిశ్చింతగా కట్టుకోవచ్చు."

"నలభై ఒకటీ ఒక్కచోటే ఆగాయి."

"అవును మేడమ్."

"చిప్పల మీద నల్లగీతలు ఉంటాయి కదా, వాటి మీద గీకావా?"

"లేదు మేడమ్. అక్కడ చిప్ప గుల్లబారి ఉంటుంది, సూది జారుతుంది. పొడి కలుషితమవుతుందని వదిలేశాను. నివేదికలో రాశాను, ఏడో పేజీలో."

"చూశాను."

ఆవిడ స్కేలు సొరుగులో పెట్టేసింది. కాగితాలు సర్ది అతనికే ఇచ్చింది.

"రేపు పదింటికి రా."

"సంతకం, మేడమ్?"

"రేపు."

మంగళవారం అతను వెళ్లేసరికి బల్ల మీద రెండు గాజు గ్లాసులు ఉన్నాయి. ఒకదాన్నిండా సముద్రపు నీళ్లు. అందులో ఒక గుల్ల. పొద్దున్నే చేపల బజారుకు వెళ్లి తెచ్చిందట. అది నోరు కాస్త తెరుచుకుని, లేతరంగు నాలుకలాంటిది బయటపెట్టి, రెండు చిన్న గొట్టాలతో నీళ్లు పీలుస్తూ వదులుతూ ఉంది. నిరంజన్ వంగి చూశాడు. ఏడాదిన్నరగా గుల్లలతోనే ఉన్నాడు కాని, అది నీళ్లు తాగడం చూడ్డం అదే మొదటిసారి.

రెండో గ్లాసులో మేడమ్ తన సీసాలోంచి మంచినీళ్లు పోసింది. గుల్లను రెండు వేళ్లతో తీసి అందులో వేసింది.

అది టక్కున మూసుకుంది.

"దాన్ని అడుగు," అందావిడ, "ఇప్పుడు తానున్న నీళ్లు ఎలాంటివో. అది చెప్పగానే సంతకం పెట్టేస్తాను."

అని హాజరుపట్టీ తీసుకుని క్లాసుకు వెళ్లిపోయింది.

నిరంజన్‌కు కోపం వచ్చింది. ఎల్లుండి సమావేశం పెట్టుకుని ఇదేం ఆట అనుకున్నాడు. అయినా కూర్చున్నాడు. పదిన్నరయింది. పదకొండయింది. గుల్ల కదల్లేదు. గోటితో గ్లాసును తట్టాడు. గుల్ల అలాగే ఉంది. సమావేశంలో చెప్పాల్సిన మాటలు మనసులో అనుకుంటూ కూర్చున్నాడు. మధ్యలో అప్పుడప్పుడూ గ్లాసు వైపు చూశాడు.

ఒంటిగంటకు మేడమ్ వచ్చింది. క్యారేజీ విప్పి పెరుగన్నం సగం మూతలో అతనికి పెట్టింది. ఇద్దరూ గ్లాసుకు అటూ ఇటూ కూర్చుని తిన్నారు.

"ఏమంది?"

"ఏమీ అనలేదు మేడమ్. నోరే తెరవట్లేదు."

"అలాగా." ఆవిడ చెయ్యి కడుక్కుని, ఇంకో క్లాసుకు వెళ్లింది.

నిరంజన్ గుల్లను నీళ్లలోంచి తీసి, చిప్పల మధ్య గోరు పెట్టి చూశాడు. రాయిలా బిగుసుకుని ఉంది. చచ్చిందేమో అనుకున్నాడు. చస్తే నోరు తెరుచుకుంటుందని అతనికి తెలుసు. మళ్లీ మంచినీళ్లలోనే వేశాడు.

రెండున్నర దాటింది.

చుట్టూ ఉన్నవి పూర్తిగా తియ్యటి నీళ్లు. వరద ముంచెత్తినప్పుడు ఏటి మొగలో ఉండే నీళ్లలాంటివే. ఆ నీళ్లలో గుల్ల నాలుగున్నర గంటలుగా ఉంది. కాని చుక్క కూడా లోపలికి పోలేదు. అది తాగడం లేదు, తినడం లేదు, చిప్ప కట్టుకోవడం లేదు. ఈ నాలుగున్నర గంటలూ దాని చిప్ప మీద ఎక్కడా ఉండవు.

అతను కుర్చీలో నిటారుగా అయ్యాడు.

నీరు బాగా తియ్యగా మారితే గుల్లలు నోరు మూసుకుంటాయన్న వాక్యాన్ని అతను ఎక్కడో చదివాడు. పెన్సిలుతో కింద గీత కూడా గీసుకున్నాడు. తర్వాత సూదుల గొడవలో పడి మర్చిపోయాడు.

నివేదికలో ఆ పేజీ తీశాడు. నలభై ఒక్క గీతలు, ఒకే మట్టం. ఆ మట్టం దగ్గర ఆగింది వాన కాదు, గుల్ల.

బీడు మీద డెబ్బై ఇళ్లు అతని కళ్ల ముందు నిలబడ్డాయి. ఇంకో రెండ్రోజులుంటే వాటికి అతను తన పేరు పెట్టి ఉండేవాడు.

గుల్లను జాగ్రత్తగా తీసి సముద్రపు నీళ్ల గ్లాసులో వేశాడు. వెంటనే వెళ్లబుద్ధి కాలేదు. ముప్పావుగంట కూర్చున్నాడు. దాని నోరు సన్నగా తెరుచుకుని నాలుక బయటికొచ్చాక లేచి, లాబ్‌కు పరిగెత్తాడు.

ఈసారి నల్లగీతల దగ్గరికే వెళ్లాడు. మైక్రోస్కోపు కింద చిప్ప మీద మరింత సన్నటి గీతలు కనిపిస్తాయి. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది. పొంగినప్పుడల్లా చిప్పలో ఒక సన్నగీత పడుతుంది. ఒక ఎండాకాలం నుంచి మరో ఎండాకాలం దాకా లెక్కపెడితే దాదాపు ఏడువందల గీతలుండాలి. చాలా గుల్లల్లో అన్నీ ఉన్నాయి. పదకొండు గుల్లల్లో వానాకాలం నడిమధ్యన ఒక దళసరి నల్లగీత ఉంది. ఆ గీతకు ముందు నీరు గబగబా తియ్యగా మారుతోంది. గీత దాటాక మెల్లగా ఉప్పెక్కుతోంది. మధ్యలో ఏమీ లేదు.

బుధవారం మధ్యాహ్నానికి నాలుగు గుల్లలు మాత్రమే పూర్తిగా లెక్కపెట్టగలిగాడు. మొదటిదానిలో పద్దెనిమిది గీతలు తక్కువ. రెండోదానిలో ఇరవై రెండు. మూడోదానిలో నలభై. మళ్లీ లెక్కపెట్టాడు. నలభయ్యే. అంటే ఇరవై రోజులు ఆ గుల్ల నోరు తెరవలేదు. నాలుగోదానిలో ముప్పై నాలుగు.

సాయంత్రం మేడమ్ దగ్గరికి వెళ్లినప్పుడు నివేదిక ఐదు పేజీలే ఉంది. ఆవిడ చదివింది. నాలుగో పేజీలో ఒకచోట వేలు పెట్టింది.

"'పెద్ద వరదలు వచ్చి ఉండవచ్చు' అని రాశావు. ఉండవచ్చా?"

నిరంజన్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. కలం తీసుకుని ఆ మాట కొట్టేసి, 'వచ్చాయి' అని రాశాడు. "ఎంత ఎత్తుకు వచ్చాయో మాత్రం నాకు తెలీదు మేడమ్."

"అది కూడా రాయి."

రాశాడు. ఆవిడ సంతకం పెట్టింది.

గురువారం సమావేశం వలలు బాగుచేసుకునే పాకలో జరిగింది. ఇంజనీరు గారు బీడు పటం గోడకు తగిలించారు. అప్పటికే ఊరివాళ్లు బీడు మీద సున్నంతో స్థలాలు గీసుకున్నారు. వరాలమ్మ తన స్థలానికి నాలుగు మూలలా కర్రలు పాతింది కూడా. ఏటి ఒడ్డు నుంచి రెండో స్థలం అది.

మేడమ్ వెనక వరుసలో, వలల గుట్ట పక్కన కూర్చుంది. నిరంజన్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. దాచకుండా మొదలుపెట్టాడు.

"పోయిన వారం నేను ఫోన్లో సార్‌కి ఈ బీడు మునగదని చెప్పాను. అది తప్పు. మునగదని నేను చెప్పలేను."

పాకలో గుసగుసలు లేచాయి. ఇంజనీరు గారు కళ్లద్దాలు తీశారు.

"ఏమయ్యా, వారంలో ఏం మారింది? గుల్లలు అవే కదా?"

"గుల్లలు అవే సార్. నేను చదవడం మారింది. నేను కొలిచిన రోజుల్లో వరద లేదు. గుల్లలు నన్ను కొలవనివ్వని రోజులున్నాయి. పదకొండు గుల్లల్లో ఉన్నాయి."

"ఎంత ఎత్తు వచ్చిందో చెప్పు. అడుగా, పది అడుగులా?"

"తెలీదు సార్."

"తెలీకుండా పని ఆపెయ్యమంటావా?"

"పని ఆపొద్దు సార్. చోటు మార్చమంటున్నాను. సరుగుడు తోటల వెనక ఇసుక మెరక ఉంది కదా. అక్కడి ఇసుకలో నది ఒండ్రు ఎక్కడా లేదు. దిబ్బ తవ్వినప్పుడే అక్కడా మూడుచోట్ల తవ్వి చూశాం. అక్కడికి నీరు ఎక్కిన గుర్తు లేదు."

 

వరాలమ్మ లేచింది.

"మెరకనుంచి ఏటికి ఎంత దూరమో తెలుసా బాబూ నీకు? పోటు తగ్గినాక రెండు గంటలే మాకు పని. ఆ రెండు గంటల్లో గంట నడకకే పోతే గుల్లలెప్పుడేరాలి? తడిబుట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచేది నువ్వా, నేనా?"

"మీరేనమ్మా," అన్నాడు నిరంజన్.

"మరి?"

అతను జేబులోంచి ఒక చిప్ప తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. నలభై గీతలు లేని చిప్ప అది. నల్లగీత మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇది మీ దిబ్బలోదే. మూడొందల ఏళ్ల కిందటిది. ఇక్కడ ఇది నోరు మూసుకుంది."

ఆవిడ చిప్పను వెలుతురు వైపు తిప్పి బొటనవేలి గోటితో ఆ గీతను తడిమింది.

"వరద ఎర్రనీళ్లొత్తే మూసేత్తాయి. ఇందులో ఏముంది? అప్పుడు మేం బుట్టే పట్టం. ఎక్కువ పోతే మూడ్రోజులు, నాల్రోజులు. నా పెళ్లయిన ఏడు మాత్రం పది రోజులు మూసుకున్నాయి. అప్పుడు నీళ్లు ఇదిగో, ఈ బీడు అంచు దాకా వచ్చి నిలబడ్డాయి. లోపలికి రాలేదు." చిప్ప వైపు మళ్లీ చూసింది. "ఇది ఎన్ని రోజులు మూసుకుంది?"

"ఇరవై."

"ఇరవయ్యా?"

"రెండుసార్లు లెక్కపెట్టానమ్మా."

వరాలమ్మ పాక బయటికి, బీడు వైపు చూసింది. ఆ చూపు ఏటి అంచు దగ్గర మొదలై, సున్నపు గీతల మీదుగా మెల్లగా లోపలికి వచ్చింది. తన కర్రల దగ్గర ఆగలేదు. అవతలికి, ఇంకా అవతలికి పోయింది.

"పదికి అంచుదాకా," అంది, ఎవరితోనూ కాదు.

చిప్పను నిరంజన్‌కు తిరిగి ఇచ్చేసింది. ఇంజనీరు గారి వైపు తిరిగింది.

"మెరక మీదే కట్టండయ్యా. కాని ఏటి దాకా గట్టి రోడ్డెయ్యాలి. ఇసకలో నడవం. ఒడ్డున బుట్టలు దింపుకోడానికి ఒక పాకెయ్యాలి. ఇయ్యి రాసుకోండి ముందు. రాసుకున్నాకే మాట్లాడదాం."

మరో నలుగురు ఆడవాళ్లు లేచి ఆవిడ పక్కన నిలబడ్డారు. మగవాళ్లు కొందరు గొణిగారు. పడవలు ఎవరు కాపలా కాస్తారని ఒకాయన గట్టిగానే అడిగాడు. గంటసేపు వాదన జరిగింది. చివరికి ఇంజనీరు గారు కళ్లద్దాలు పెట్టుకుని రోడ్డు, పాక, పడవలకు ఒక రేవు, మూడూ రాసుకున్నారు. గోడ మీది పటం విప్పి చుట్టేశారు.

ఆయన వెళ్తూ వెళ్తూ నిరంజన్ దగ్గర ఆగారు. "ఎత్తు ఎంతో తెలిస్తే ఇంకా బాగుండేది," అన్నారు.

"తెలుసుకుంటాను సార్. ఇంకా ఏడు గుల్లలు లెక్కపెట్టాలి."

బయట ఎండ కాస్తోంది. బీడు మీద వరాలమ్మ తన నాలుగు కర్రలూ పీకి చంకన పెట్టుకుంటోంది. నిరంజన్‌నీ మేడమ్‌నీ చూసి పలకరించలేదు. మొహం చిన్నబుచ్చుకునే ఉంది. నిరంజన్ వెళ్లి ఏదైనా చెబుదామనుకున్నాడు. కాని ఆవిడ కర్రలన్నీ తీసుకుని వెళ్లేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరుగు పడవలో మేడమ్, అతను ఎదురెదురుగా కూర్చున్నారు. పోటు మొదలైంది. పడవ సునాయాసంగా వెళ్తోంది.

నిరంజన్ అడిగాడు. "మేడమ్, సోమవారం స్కేలు పెట్టి చూసినప్పుడే మీకు తెలిసిపోయింది కదా?"

"అనుమానం వచ్చింది."

"అప్పుడే ఒక్క మాట చెబితే సరిపోయేది. మంగళవారం రోజంతా నన్ను ఆ గ్లాసు ముందు కూర్చోబెట్టారు. నాకు ఎంత కోపం వచ్చిందో."

పేరిందేవి చీరకొంగు తలమీదికి లాక్కుంది. ఏటి మీద ఎండ తళతళలాడుతోంది.

"చెబితే నువ్వు నన్ను నమ్మేవాడివి, గుల్లను కాదు," అంది.